ఇంటి తాళంచెవి ఎవరి చేతిలో ఉండాలి?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

గత సంచికలో, వైకల్యం ఉన్న వయోజనులు ఆశ్రమంలోనో బంధువుల పంచనో కాకుండా తగిన తోడ్పాటుతో సొంత ఇంట్లో బతికే పద్ధతి గురించి, అంటే సపోర్టెడ్ లివింగ్ అంటున్న దాని గురించి, నాలుగు మాటలు రాశాను. దానిపై ఒడిశాలోని గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల తెలుగు పాఠకులు ఉత్తరాలు రాశారు. వాటిలో నాలుగింటికి ఈ నెల జవాబులు ఇస్తున్నాను. ఎవరి పేరూ ప్రచురించడం లేదు.

ప్రశ్న: నేను రైల్వేలో పనిచేసి రిటైరయ్యాను. మాది బరంపురం. నాకు 69 ఏళ్లు, మా ఆవిడకు 64. మాకు ఒక్కడే కొడుకు. వాడికి 36 ఏళ్లు, పుట్టుకతో మేధోవైకల్యం ఉంది. స్నానం, భోజనం తానే చేసుకుంటాడు గాని డబ్బు లెక్క తెలియదు, ఒంటరిగా రోడ్డు దాటలేడు. ఇచ్ఛాపురంలో ఉన్న మా అన్నగారి అబ్బాయి, ఇల్లు తన పేర రాసిస్తే తమ్ముణ్ని చివరిదాకా చూసుకుంటానంటున్నాడు. భువనేశ్వర్‌లో ఒక హాస్టల్ వారు, ఒకేసారి డబ్బు కడితే జీవితాంతం ఉంచుకుంటామన్నారు. మీరు రాసిన పద్ధతి మాలాంటి వాళ్లకు సాధ్యమేనా? మా తర్వాత వాడి మాట ఏమిటి?

జవాబు: అయ్యా, మీ ముందు రెండు దారులున్నాయని రాశారు గాని, నా దృష్టిలో అవి రెండూ ఒకటే. హాస్టల్లో మీ అబ్బాయికి ఇల్లు పోయి మంచం దక్కుతుంది. మీ అన్నగారి అబ్బాయి మాట ప్రకారమైతే ఉన్నచోటనే ఉంటాడు గాని, ఆ ఇల్లు అతనిది కాకుండా పోతుంది. రెండింటిలోనూ నీడ, తిండి, సంరక్షణ ఒకే చేతిలో ఉంటాయి. ఆ చెయ్యి విసుక్కున్న రోజున మూడూ ఒక్కసారే పోతాయి. సపోర్టెడ్ లివింగ్‌లో అసలు సంగతి ఈ మూడింటినీ విడదీయడమే. ఇంగ్లండులో ఈ పద్ధతిలో ఉండేవారికి ఇంటి అద్దె ఒప్పందం వేరుగా, సాయం చేసే సంస్థతో ఒప్పందం వేరుగా ఉంటాయి కాబట్టి, సాయం చేసేవారు నచ్చకపోతే వారిని మార్చుకోవచ్చు గాని ఇల్లు ఖాళీ చేయనక్కరలేదు. మీ విషయంలో ఇల్లు ఇప్పటికే ఉంది. వెతుక్కోవలసింది సాయాన్ని మాత్రమే.

ఇది చదివి రాస్తున్న మాట కాదు. మా నాన్నగారు చనిపోయిన ఏడాది, వైకల్యం ఉన్న మా తమ్ముణ్ని దూరపు పట్నంలోని ఒక హాస్టల్లో చేర్చాం. మొదటి ఆదివారం చూడబోయేసరికి అతని ఒంటిమీద చొక్కా అతనిది కాదు. అక్కడ అందరి బట్టలూ కలిపి ఉతికి, ఆరిన తర్వాత ఎవరికి సరిపోయేవి వారికి తొడుగుతారట. అక్కడివారు చెడ్డవాళ్లేమీ కారు. పాతికమందికి పైగా ఉన్నచోట ఇద్దరే మనుషులు మరి. మూడో నెలలో ఇంకో సంగతి తెలిసింది. రాత్రి డ్యూటీ ఆమెకు ఒడియా తప్ప మరో భాష రాదు. మావాడు దాహం వేస్తే ‘నీళ్లు’ అంటాడు, ఆమెకు ‘పాణి’ అంటే గాని తెలియదు. కొన్నాళ్లు అడిగాడు, తర్వాత అడగడం మానేశాడు. మీవాడు చాలా నెమ్మదస్తుడు, గొడవే చేయడని మేనేజరు గారు మాతో మెచ్చుకోలుగా అన్నారు. ఆ మాట విన్న వారంలోనే ఇంటికి తీసుకొచ్చేశాం. మీ అబ్బాయికి ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా రెండూ అలవాటై ఉంటే అది అతనికి పెద్ద ఆస్తి. అయినా హాస్టల్ వారిని అడగవలసిన మొదటి ప్రశ్న ఫీజు గురించి కాదు, రాత్రిపూట తెలుగు తెలిసినవారు ఎవరుంటారని.

ఇక చట్టం మాట. వైకల్యం గల వ్యక్తుల హక్కుల చట్టం, 2016 లోని 5వ సెక్షన్ ప్రకారం వారికి సమాజంలో అందరి మధ్య బతికే హక్కు ఉంది; ఫలానా చోటనే ఉండి తీరాలన్న నిర్బంధం లేకుండా, వారి వయసును, స్త్రీ పురుష భేదాన్ని గమనించి ఇంటి దగ్గర సాయం అందేలా ప్రభుత్వాలు ప్రయత్నించాలి. వైకల్యం గల వ్యక్తుల హక్కులపై ఐక్యరాజ్యసమితి ఒడంబడికను మన దేశం 2007లో ఆమోదించినందువల్ల వచ్చిన బాధ్యత అది. ‘ప్రయత్నించాలి’ అన్న మాటలో ఎంత జాగా ఉందో మీకూ తెలుసు, నాకూ తెలుసు. అందుకే ఏర్పాటు మీరే మొదలుపెట్టాలి.

ఇంటి కాగితాల సంగతి ముందు తేల్చుకోండి. దానపత్రం రాసి రిజిస్టరు చేశాక దాన్ని వెనక్కి తీసుకోవడం దాదాపు అసాధ్యం. వీలునామానైతే మీరు బతికున్నంతకాలం ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. ఇంటిలో జీవితాంతం నివసించే హక్కు మీ అబ్బాయిదని, అతని తర్వాతే ఇల్లు మీ అన్నగారి అబ్బాయికి చెందుతుందని వీలునామాలో రాయవచ్చు. లేదా 1882 నాటి ట్రస్టుల చట్టం కింద ఒక చిన్న కుటుంబ ట్రస్టు ఏర్పరచి, ఇంటినీ డిపాజిట్లనూ అందులో పెట్టి, ఇద్దరు ముగ్గురిని ధర్మకర్తలుగా ఉంచవచ్చు. వైకల్యం ఉన్నవాడికి ఆస్తి రాదని మన వీధుల్లో ఇంకా చెప్పుకుంటారు. హిందూ వారసత్వ చట్టం, 1956 లోని 28వ సెక్షన్ ఆ మాటను ఎప్పుడో కొట్టేసింది. రోగం, అవయవలోపం కారణంగా ఎవరికీ వారసత్వం పోదు. మీ అన్నగారి అబ్బాయి మంచివాడే కావచ్చు, మంచివాడైతే ఈ ఏర్పాటుకు నొచ్చుకోడు కూడా. అయితే సంరక్షకుడూ, ఆ ఇంటికి వారసుడూ ఒకరే కావడం కంచే చేను మేసే దారి తెరవడమే. అతణ్ని నెలకు రెండుసార్లు వచ్చి చూసి వెళ్లే బంధువుగా ఉంచండి, సంతకాల బాధ్యత మరొకరికి ఇవ్వండి.

సంతకాలంటే గార్డియన్ విషయం. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధోవైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్నవారి కోసం 1999లో వచ్చిన నేషనల్ ట్రస్టు చట్టం ప్రకారం, పద్దెనిమిదేళ్లు నిండినవారికి చట్టబద్ధ సంరక్షకుణ్ని నియమించేది జిల్లా లోకల్ లెవల్ కమిటీ. అందులో కలెక్టరు, ఒక నమోదైన స్వచ్ఛంద సంస్థ ప్రతినిధి, వైకల్యం ఉన్న ఒక వ్యక్తి ఉంటారు. మీది గంజాం జిల్లా కాబట్టి బరంపురంలో కాదు, ఛత్రపురం కలెక్టరేటులో కనుక్కోవాలి. నియమితుడైన సంరక్షకుడు ఆరు నెలల్లోగా ఆస్తి అప్పుల జాబితాను, ఆ తర్వాత ఏటేటా లెక్కలను దాఖలు చేయాలి. నిర్లక్ష్యం చేసినా, ఆస్తిని తినేసినా తొలగించవచ్చు. కుటుంబంలో జరిగే మౌఖిక ఒప్పందాలకు ఈ పట్టు ఉండదు.

డబ్బు దగ్గరికి వస్తే, మీ పరిస్థితి చాలామంది కన్నా నయం. మీ తర్వాత, మీ భార్య తర్వాత, తన జీవనం తాను సంపాదించుకోలేని వైకల్యం ఉన్న బిడ్డకు జీవితాంతం కుటుంబ పింఛను వస్తుంది. ఇతర ఆదాయం ఆ పింఛను మొత్తానికి, అంటే చివరి జీతంలో 30 శాతం, దానిపై కరువు భృతి కలిపిన మొత్తానికి, తక్కువగా ఉంటే సరిపోతుందని కేంద్రం 2021లో నిబంధన సడలించింది. అతని పేరును మీరు బతికుండగానే పింఛను ఉత్తర్వులో చేర్పించుకోవచ్చు. ఈ పని ఈ నెలలోనే చేయండి, ఎందుకంటే తల్లిదండ్రులు పోయాక మనవాడు ఆఫీసుల చుట్టూ తిరగలేడు. పైన చెప్పిన 1999 చట్టం కింద ఏర్పడిన కేంద్ర సంస్థ నేషనల్ ట్రస్టు వారి నిరామయ ఆరోగ్య బీమా ఏడాదికి లక్ష రూపాయల దాకా ఖర్చు భరిస్తుంది, దానికి ముందస్తు వైద్య పరీక్షలు అక్కరలేదు. మేడమీద వాటా ఉంటే, అద్దె కొంత తగ్గించి, రాత్రిపూట పిలిస్తే పలికే తెలుగు కుటుంబానికి ఇవ్వండి. ఆ తగ్గించిన అద్దే రాత్రి కాపలాకు జీతం అవుతుంది.

ఇంత చెప్పినా అసలు పని ఇంకా మొదలు కాలేదు. ఒక వారం పాటు నోటు పుస్తకంలో రాయండి: అతను రోజంతా చేసే పనుల్లో తానే చేసేవి ఏవి, ఒక మాట చెబితే చేసేవి ఏవి, చెయ్యి పట్టుకుంటే గాని చేయలేనివి ఏవి. పనిమనిషి ఎన్ని గంటలు కావాలో ఆ పుస్తకం చెబుతుంది. చాలా ఇళ్లలో అనుకున్న దానిలో సగం గంటలే తేలతాయి. మా తమ్ముడు టీ పెట్టుకుంటాడు. గిన్నె లోపల మేకుతో గీసిన గీత దాకా నీళ్లు, పైగీత దాకా పాలు, డబ్బాలో వేసి ఉంచిన చెంచాతో ఒకటి పొడి, రెండు పంచదార. గ్యాసు తీసేసి, దానంతటదే ఆగిపోయే కరెంటు పొయ్యి పెట్టాం. డబ్బు లెక్క రాని సంగతికి కవర్లున్నాయి: సోమవారం కవరులో సరిగ్గా పాలపాకెట్టుకు ఎంతో అంతే. రోడ్డు దాటలేని మనిషికి దాటడం నేర్పాలని ఏళ్ల తరబడి అవస్థ పడ్డాం; చివరికి ఇంటివైపునే ఉన్న కిరాణా కొట్టుకు మా ఖాతా మార్చాం, సమస్య తీరిపోయింది. చిన్న ఉపాయమే గాని మాకు తట్టడానికి నాలుగేళ్లు పట్టింది.

ఇంకొక్క మాట. అలవాటు చేయడానికి అతణ్ని ఎక్కడికో పంపుతారు చాలామంది. మీరు అలా చేయకండి, మీరే వెళ్లండి. అతను తన ఇంట్లోనే, తన మంచం మీద, రేపటి రోజుల్లో తోడుండబోయే మనిషితో ఉండగా, మీరిద్దరూ ఇచ్ఛాపురంలో మీ అన్నగారింట్లో ఒక రాత్రి ఉండి రండి. తర్వాత మూడు రాత్రులు, ఆపైన తీర్థయాత్ర పేరుతో పది రోజులు. బయల్దేరే ముందు తాళంచెవి అతని చేతికే ఇవ్వండి. పనిమనిషి దగ్గర రెండోది ఉండనివ్వండి. మొదటి రాత్రి నిద్ర పట్టనిది మీకే.

ప్రశ్న: మాది రాయగడ. మా పాపకు 19 ఏళ్లు, 80 శాతం వైకల్యం. ఒడిశాలో వచ్చే భత్తా కన్నా ఆంధ్రలో పింఛను ఎక్కువ కదా. పార్వతీపురంలో మా మేనత్తగారి రేషన్ కార్డులో పాప పేరు చేర్పిస్తే తప్పా?

జవాబు: తప్పేనమ్మా. ఆంధ్రలో వికలాంగుల పింఛను 2024 జులై నుంచి నెలకు రూ. 6,000 అయిన మాట నిజం. ఒడిశాలో 80 శాతం, ఆపైన వైకల్యం ఉన్నవారికి మధుబాబు పింఛను రూ. 3,500. సరిహద్దుకు ఇటువైపు ఉన్నందుకు కడుపు మండడం సహజం, నాకూ మండుతుంది. కానీ పింఛను నివాసాన్ని బట్టి ఇచ్చేది. పైగా కార్డు అటు మార్చితే రేపు గార్డియన్ పత్రం కావలసి వచ్చినప్పుడు మీరుండేది రాయగడలో, కాగితాలుండేది పార్వతీపురంలో అవుతుంది. యూడీఐడీ కార్డు (కేంద్రం ఇచ్చే వైకల్య గుర్తింపు కార్డు) మాత్రం దేశమంతటా చెల్లుతుంది, అది వెంటనే తీసుకోండి.

ప్రశ్న: నాకు 27 ఏళ్లు. సెరిబ్రల్ పాల్సీ వల్ల చక్రాల కుర్చీ వాడతాను. బీకాం చదివాను. పర్లాకిమిడిలో అమ్మానాన్నలతో ఉంటున్నాను. బరంపురంలో ఒక ఆఫీసులో కంప్యూటరు ఉద్యోగం వచ్చింది. అమ్మ ‘నిన్నెవరు ఎత్తుతారే’ అని ఏడుస్తోంది. నాన్న గార్డియన్ కాగితం కోసం తిరుగుతున్నారు. నేను గది తీసుకుని విడిగా ఉండటం సాధ్యమా?

జవాబు: మొదట నాన్నగారిని ఆపండి. సెరిబ్రల్ పాల్సీ నేషనల్ ట్రస్టు చట్టంలో ఉన్నంత మాత్రాన ఆ వైకల్యం ఉన్న ప్రతివారికీ గార్డియన్ ఉండాలని లేదు. మీ సంగతులు మీరే నిర్ణయించుకుంటున్నారు, ఉత్తరం కూడా మీరే రాశారు. 2016 చట్టం అందరితో సమానంగా మీకు ఆ అధికారం ఉందని చెబుతోంది. బ్యాంకు ఖాతా, అద్దె ఒప్పందం మీ సంతకంతోనే నడవాలి. ఎప్పుడైనా ఏదైనా పెద్ద నిర్ణయంలో సలహా కావాలంటే నాన్నగారిని అడగండి. ఆ సలహాకు కలెక్టరు ముద్ర అక్కరలేదు.

అమ్మగారి ప్రశ్న మాత్రం న్యాయమైనది, దానికి ఏడుపుతో కాకుండా లెక్కతో జవాబు చెప్పాలి. పోలియోతో మెడ కింది భాగమంతా చచ్చుబడి, రాత్రిళ్లు ఊపిరి యంత్రంలో పడుకునే ఎడ్ రాబర్ట్స్ 1962లో కాలిఫోర్నియాలోని బర్క్లీ విశ్వవిద్యాలయంలో చేరాడు. 1972లో అక్కడే పుట్టిన స్వతంత్ర జీవన కేంద్రంతో ఆయన పేరు ముడిపడి ఉంది. స్వతంత్రం అంటే ప్రతి పనీ సొంత చేతులతో చేయడం కాదని, ఎప్పుడు ఎలా జరగాలో చెప్పే మాట మనదై ఉండటమని వారి వాదన. మిమ్మల్ని ఎవరు ఎత్తుతారన్నది జీతమిచ్చి కుదుర్చుకునే పని. ఎవరిని, ఎన్ని గంటలకు, ఏ తీరుగా అన్నది మీ నిర్ణయం. పొద్దున్న గంటన్నర, సాయంత్రం గంట చొప్పున ఇద్దరు మనుషుల్ని పెట్టుకోండి. ఒక్కరినే పెట్టుకుంటే, ఆమె కూతురికి జ్వరం వచ్చిన రోజున మీరు మంచం దిగలేరు. మూడు చక్రాల బండికి ఇచ్చినట్టు మనిషి సాయానికి నేరుగా డబ్బిచ్చే కార్యాలయం బరంపురంలో దొరుకుతుందన్న ఆశ పెట్టుకోకండి. అయితే ఎక్కువ తోడ్పాటు అవసరమైనవారు దానికోసం దరఖాస్తు చేసుకునే వీలు 2016 చట్టం 38వ సెక్షన్‌లో ఉంది కాబట్టి, జిల్లా సామాజిక భద్రతా అధికారి కార్యాలయంలో ఒక దరఖాస్తు పెట్టి, దానికి రసీదు తీసుకోండి.

ఇక ఇల్లు. బరంపురం పాత వీధుల్లో గోడకు గోడ ఆనుకుని, వీధి గుమ్మం నుంచి పెరటి దాకా రైలు పెట్టెలా సాగే ఇళ్లే ఎక్కువ. వీధి మెట్టు అరడుగు ఎత్తుంటుంది, గదికీ గదికీ మధ్య గడప, చివరన కిందికి దిగే స్నానాలగది. వాలుబాటకు అడుగు ఎత్తుకు పన్నెండడుగుల పొడవు కావాలి. అంటే అరడుగు మెట్టుకు ఆరడుగుల బల్ల, ఆ వీధిలో అది సగం దారి మింగేస్తుంది. కాబట్టి పాత వీధుల్ని వదిలి కొత్త కాలనీల్లో, కారు లోపలికి వెళ్లేలా చప్టా పోసిన ఇళ్లను చూడండి. కారు ఎక్కే చోటికి కుర్చీ ఎక్కుతుంది. గది చూడటానికి వెళ్లేటప్పుడు టేపు తీసుకెళ్లి మొదట స్నానాలగది తలుపు కొలవండి. పాత తలుపులు రెండడుగులకు మించవు, మీ కుర్చీ అంతకన్నా వెడల్పే ఉంటుంది. గడప తవ్వడానికి యజమాని ఒప్పుకోకపోతే, రెండువైపులా చెక్కతో చిన్న ఏటవాలు బల్లలు చేయించుకోవచ్చు. ఖాళీ చేసేటప్పుడు తీసుకుపోవచ్చు. ‘గడప తొక్కకూడదమ్మా’ అని ఇంటి యజమానురాలు అంటే, తొక్కేది కాళ్లతో కాదని నవ్వుతూ చెప్పండి. ఆ నవ్వు పనిచేయని చోట ఉండి ప్రయోజనమూ లేదు.

మొదటి నెల అమ్మగారిని వచ్చి ఉండమనండి, కానీ పనివాళ్లకు ఆమె కాదు, మీరే పని చెప్పాలి.

ప్రశ్న: జయపురంలో (కొరాపుట్ జిల్లా) ఉన్న మేము మూడు కుటుంబాలవాళ్లం. ముగ్గురి పిల్లలకీ మేధోవైకల్యం, అందరూ పాతికేళ్లు దాటినవారే. ఊరికి దూరంగా రెండెకరాలు చౌకగా వస్తోంది. తోట, గోశాల పెట్టి, ఇంకో పదిమందిని చేర్చుకుని ఆశ్రమంలా నడపాలని ఆలోచన. మీ సలహా?

జవాబు: ఆ భూమి ఎవరిదో ముందు చూడండి. కొరాపుట్ జిల్లా మొత్తం షెడ్యూల్డ్ ప్రాంతం. గిరిజనుల భూమి గిరిజనేతరులకు బదిలీ కాకుండా 1956 నాటి రెగ్యులేషన్ అడ్డుకుంటుంది. చౌకగా వస్తోందంటే కారణం అదే కావచ్చు. అలాంటి భూమి మీద మన పిల్లల భద్రత కట్టడం వాళ్లకూ అన్యాయం, మనకూ ప్రమాదం.

భూమి సక్రమమైనదే అయినా నేను వద్దంటాను. ఊరికి దూరమైతే బజారు ఉండదు, గుడి ఉండదు, పలకరించే పొరుగువాళ్లు ఉండరు; మనుషులు రాని చోట జరిగేది బయటికి తెలియదు. 2001లో తమిళనాడు ఎర్వాడిలో గొలుసులతో కట్టేసిన మానసిక రోగులు మంటల్లో కాలిపోయిన ఘటన తర్వాత కూడా ఈ మాట చెప్పవలసి రావడం బాధాకరం. పదముగ్గురు ఎందుకు? ముగ్గురు చాలు. 1993లో వందనా గోపికుమార్, వైష్ణవీ జయకుమార్ చెన్నైలో స్థాపించిన ది బన్యన్ సంస్థ, ఆసుపత్రుల్లో ఏళ్లు గడిపిన స్త్రీల కోసం ‘హోమ్ ఎగెయిన్’ పేరుతో చేసిన పని మీకు నమూనా కావచ్చు: మామూలు వీధిలో మామూలు అద్దె ఇల్లు, అందులో నలుగురైదుగురు, వారికి తోడుగా అవసరమైనంత సాయం. బయట బోర్డు కూడా అక్కరలేదు.

మీ మూడు కుటుంబాలూ తల్లిదండ్రుల సంఘంగా రిజిస్టరై నేషనల్ ట్రస్టులో నమోదు చేసుకోవచ్చు. వయోజనుల నివాసాల కోసం ఆ ట్రస్టుకు సమర్థ్-కమ్-ఘరౌండా పథకం ఉంది. సంస్థగా నడిపితే 2016 చట్టం కింద రిజిస్ట్రేషన్ తప్పనిసరి. అయితే సంఘం పేర ఇల్లు తీసుకోకుండా, అద్దె ఒప్పందం మూడు కుటుంబాల పేర ఉంచి, పనివాళ్ల ఏర్పాటు మాత్రం సంఘానికి అప్పగించండి. కారణం మొదటి జవాబులో రాశాను. పనివాళ్లలో ఒకరికైనా తెలుగు, మరొకరికి దేసియా ఒడియా వచ్చేలా చూడండి, ఇరుగుపొరుగు మాట్లాడేది అదే కదా. ముగ్గురిలో ఎవరు ఏ మాట అంటే ఏ అర్థమో ఒక పుస్తకంలో రాసి వంటింట్లో కట్టి ఉంచండి. మూడు కుటుంబాల్లో ఎవరో ఒకరు చెప్పకుండా వారానికోసారి, ఒక్కోవారం ఒక్కో వేళకు వెళ్లాలి. కొట్టడం, కట్టేయడం లాంటివి కనబడితే ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటుకు ఫిర్యాదు చేసే వీలు చట్టంలో ఉంది.

ముగ్గురినీ ఒకే ఇంట్లో పెట్టే ముందు వాళ్లకు ఒకరంటే ఒకరికి పడుతుందో లేదో చూశారా? మీ ఉత్తరంలో తల్లిదండ్రుల స్నేహం గురించే ఉంది. నాలుగైదు ఆదివారాలు ముగ్గురికీ కలిసి భోజనం పెట్టండి. ఎవరు ఎవరి పక్కన కూర్చుంటున్నారో, ఎవరు పళ్లెం పట్టుకుని అవతలికి పోతున్నారో చూసి, ఆ తర్వాత అద్దె ఇల్లు వెతకండి.